పిల్లవాణ్ణి సిగరెట్టుకు పంపితే ఎవరిది తప్పు? – పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు, వేప్‌లు అందకుండా చూసే చట్టాలపై చర్చ

కాలువగట్టు మాష్టారు (అమలాపురం ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. నేను కోనసీమలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకు పొగాకు అందకుండా ప్రభుత్వాలు చేసిన ఏర్పాట్లు కాగితం మీద చూస్తే తక్కువేమీ కావు. అందరూ కోట్పా అని పిలిచే 2003 నాటి కేంద్ర చట్టం, పద్దెనిమిదేళ్లు నిండనివారికి సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ వంటివి అమ్మరాదనీ, విద్యాసంస్థకు వంద గజాల లోపల అసలు ఎవరికీ అమ్మరాదనీ ఆరవ సెక్షనులో స్పష్టంగా చెప్పింది. 2019లో ఈ-సిగరెట్లను, అంటే వేప్‌లనే బ్యాటరీతో పనిచేసే పీల్చే గొట్టాలను, దేశమంతటా నిషేధించారు. మా బడి గోడ మీద పొగాకు రహిత విద్యాసంస్థ అన్న బోర్డు కూడా ఉంది.

ఆ బోర్డుకు ఎదురుగా, పంటకాలువ మీది చిన్న వంతెన దాటగానే, రెండు బడ్డీ కొట్లు ఉన్నాయి. ఒకదాని గుంజకు పురికొసతో లైటరు కట్టి వేలాడదీశారు. దాని కిందనే జీళ్లు, వేరుశెనగ ఉండలు, చాక్లెట్లు ఉన్న సీసాలు వరుసగా పెట్టి ఉంటాయి. సీసాలకీ కొట్టువాడికీ మధ్య సిగరెట్టు పెట్టెల అర ఉంటుంది. నెత్తి మీద పాన్‌మసాలా పొట్లాలు దండలుగా వేలాడుతుంటాయి. విరామంలో జీడి కోసం వెళ్లిన ఆరో తరగతి పిల్ల ముందుగా చూసేది వాటినే.

అయితే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది దొంగచాటుగా కొనుక్కునే పదో తరగతి కుర్రవాడు కాదు. అతన్ని మేము కనిపెట్టగలం, కూర్చోబెట్టి మాట్లాడగలం. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గుప్పిట్లో చిల్లర పట్టుకుని వచ్చి, "నాన్న తెమ్మన్నాడు" అని చెప్పి, విడి సిగరెట్లు పట్టుకుని వెళుతున్నారు. ఏ రకం కావాలో పేరుతో సహా చెబుతారు. కొట్టువాడు ఇస్తాడు, ఊరంతా చూస్తుంది, ఎవరికీ ఇందులో అభ్యంతరం కనిపించదు. చట్టం దృష్టిలో దీనిని ఏమంటారు? ఎవరి మీద చర్య తీసుకోవాలి? బడి తరఫున మేము చేయగలిగింది ఏమిటి? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

వశిష్ఠ తీరం (నరసాపురం, న్యాయవాది)

మాష్టారూ, మీ మొదటి ప్రశ్నకు చట్టంలో సందేహానికి తావు లేదు. కోట్పా ఆరవ సెక్షను నిషేధించింది పద్దెనిమిదేళ్ల లోపు వ్యక్తికి అమ్మడాన్ని. ఆ వ్యక్తి తాను కాల్చడానికి కొన్నాడా, తండ్రికి తీసుకువెళ్లడానికి కొన్నాడా అన్న తేడా అందులో లేదు. కొనేవారి వయసు మీద అనుమానం వస్తే రుజువు అడిగి చూసుకోవలసిన బాధ్యతను నియమాలు అమ్మేవాడి మీదనే పెట్టాయి. మైనరుకు అమ్మడం శిక్షార్హమని తెలిపే 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు భారతీయ భాషలో కొట్టు ముందు ఉండాలి. సరుకు పిల్లలకు సులువుగా అందేలా ప్రదర్శించకూడదు. మైనరును కొట్టులో కూర్చోబెట్టి పొగాకు అమ్మించడం కూడా నిషిద్ధమే. మధ్యాహ్నం వేళ కొట్టుగలాయన భోజనానికి వెళితే కొడుకో కూతురో కూర్చుని అమ్మడం మన వైపు మామూలు కనుక ఈ చివరి మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

వంద గజాల కొలత విషయంలో తరచూ పేచీ వస్తుంది. వంతెన చుట్టి రావాలి కాబట్టి దారి నూట యాభై గజాలుంటుందని కొట్టువారు వాదిస్తారు. నియమాల ప్రకారం బడి ప్రహరీ లేదా కంచె బయటి అంచు నుంచి అన్ని దిక్కులకూ తిన్నగా కొలవాలి. మధ్యలో కాలువ ఉన్నా, చెరువు ఉన్నా గీత దాని మీదుగానే పోతుంది. వంద గజాలంటే సుమారు 91 మీటర్లు.

చిక్కంతా శిక్షలో ఉంది. ఆరవ సెక్షను ఉల్లంఘనకు ఇరవై నాలుగో సెక్షను విధించే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2003లో నిర్ణయించిన మొత్తం ఇది. దీనికి తోడుగా 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ఉంది. వైద్యుడి సలహా మీద తప్ప, బిడ్డకు మత్తు పదార్థం గానీ పొగాకు ఉత్పత్తి గానీ ఇచ్చినవారికి, ఇప్పించినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఒకే పనికి ఒక చట్టంలో 200 రూపాయలు, మరొక చట్టంలో ఏడేళ్లు! మొదటిది ఎవరినీ భయపెట్టదు, రెండవది ఇంత పెద్ద శిక్ష అన్న జంకుతోనే చాలామంది అధికారులు వాడరు.

ఇంటివారి సంగతి. పిల్లవాణ్ణి పంపిన తండ్రికి కోట్పాలో శిక్ష లేదు. 77వ సెక్షనులోని "ఇప్పించినవారు" అన్న మాట తండ్రికి కూడా వర్తిస్తుందని వాదించవచ్చు; కానీ ఆ మార్గం తొక్కమని నేను ఏ బడికీ సలహా ఇవ్వను. తండ్రి జైలుకు వెళితే నష్టపోయేది మనం కాపాడాలనుకున్న ఆ బిడ్డే. పిల్లవాడు మాత్రం ఏ చట్టంలోనూ నేరస్థుడు కాడన్నది అందరూ గుర్తుంచుకోవాలి.

సంతబజారు కిరాణా (రావులపాలెం)

లాయరుగారు చెప్పినదంతా సబబే. కొట్టు నడిపేవాడిగా ఇటువైపు సంగతి కూడా చెబుతాను.

మా వీధిలో చాలా ఇళ్లకు నా దగ్గర ఖాతా పుస్తకం ఉంది. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు నెలంతా తీసుకుని, కొబ్బరి దింపుల డబ్బు వచ్చినప్పుడో జీతం అందినప్పుడో కడతారు. అటువంటి ఇంటి నుంచి పిల్లవాడు సిగరెట్టుకు వస్తే, "నీకు ఇవ్వను, మీ నాన్నను రమ్మను" అని పంపడం నోటితో అన్నంత తేలిక కాదు. ఆ మనిషి మర్నాడు ఖాతా మొత్తం పక్క కొట్టుకు మారుస్తాడు. సిగరెట్టు మీద మాకు మిగిలేది బహు స్వల్పం. దాని కోసం వచ్చినవాడు మిగతా సరుకు కొంటాడని మాత్రమే మేము పెట్టుకుంటాము.

అందుకే నా విన్నపం ఒక్కటే. తనిఖీకి వచ్చిన అధికారి ఒక కొట్టుకు జరిమానా రాసి, ఫొటో తీయించుకుని వెళ్లిపోతే ఆ కొట్టువాడు దురదృష్టవంతుడయ్యాడంతే, వీధిలో ఏమీ మారదు. అదే వీధిలోని కొట్లన్నింటినీ ఒకే రోజు పిలిచి, ఇకమీదట పిల్లలకు ఎవరూ ఇవ్వరని అందరి చేతా ఒప్పించి, బోర్డులు ఒకేసారి పెట్టిస్తే నాకు ఖాతా పోతుందన్న భయం ఉండదు. ఎక్కడికి వెళ్లినా అదే జవాబు వస్తుందని తెలిసినప్పుడు తండ్రే వస్తాడు.

ఉప్పుటేరు అమ్మ (భీమవరం)

ఈ చర్చ సిగరెట్ల దగ్గరే ఆగకూడదని రాస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. అతని తరగతి పిల్లల దగ్గర ఒక వస్తువు దొరికిందని కాలేజీవారు తల్లిదండ్రులను పిలిపించారు. బల్ల మీద పెట్టి చూపించేవరకు అది ఏమిటో మాలో సగం మందికి తెలియదు. హైలైటర్ పెన్ను అంత పొడవు, లేత ఆకుపచ్చ రంగు, అడుగున ఫోను ఛార్జరు పెట్టుకునే రంధ్రం, మూతి దగ్గర మామిడిపండు వాసన. ఒక తండ్రి దానిని పెన్‌డ్రైవ్ అనుకున్నారు. అది వేప్, అంటే ఈ-సిగరెట్టు. కాలేజీవారు పేర్లు బయటపెట్టకుండా, పిల్లలను అవమానించకుండా మాట్లాడారు కాబట్టి మేమూ నిదానంగా వినగలిగాము.

సిగరెట్టు కాల్చి వస్తే చొక్కా వాసన చూసి తల్లి పట్టుకుంటుంది. దీనికి ఆ వాసన లేదు, బూడిద లేదు, అగ్గిపెట్టె లేదు. స్నానాల గదిలోనూ దుప్పటి కింద కూడా పీల్చవచ్చునట. దేశమంతా నిషేధించిన వస్తువు భీమవరంలో పదిహేడేళ్ల పిల్లల చేతికి ఎలా వచ్చింది? ఎవరిని అడగాలి?

గోదావరి కుర్రాడు (పాలకొల్లు, ప్రస్తుతం హైదరాబాదు)

అమ్మా, నేను చదువు ముగించి ఎంతో కాలం కాలేదు కనుక నాకు తెలిసినంత చెబుతాను. బడ్డీ కొట్టులో ఇవి బయటికి కనిపించవు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక ఖాతా ఉంటుంది. పండ్ల పేర్లు, మిఠాయిల పేర్లు, రంగు రంగుల బొమ్మలు పెడతారు. యూపీఐలో డబ్బు పంపితే కొరియరులో ఫోను కవరనో బ్లూటూత్ స్పీకరనో రాసిన పెట్టె వస్తుంది. వయసు ఎంత అని అడిగేవాడే ఉండడు. ఒకడు నాలుగైదు తెప్పించి హాస్టలులో మిగతావారికి అమ్ముతాడు, తన ఖర్చు అందులో రాబట్టుకుంటాడు. పిల్లల మధ్యకు వచ్చేసరికి అమ్మేవాడూ పిల్లవాడే అవుతున్నాడు.

రెండో దారి మన ఇళ్లలోనిదే. కోనసీమ నుంచి, డెల్టా పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఎంతమందో అందరికీ తెలుసు. సెలవుకు వచ్చేటప్పుడు సెంటు సీసాలు, చాక్లెట్లతో పాటు బావమరిదికో మేనల్లుడికో ఒకటి తెచ్చి ఇచ్చేవారు ఉన్నారు. అక్కడ కొన్ని దేశాల్లో దుకాణంలో బాహాటంగా అమ్ముతారు కాబట్టి ఇక్కడ తప్పేమీ ఉండదని వారి అభిప్రాయం.

లాకుల పేట (విశ్రాంత పోలీసు అధికారి, తణుకు)

పై మిత్రుడు రాసిన రెండు దార్లూ నేరమే. ఈ-సిగరెట్ల నిషేధం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన – దేనికైనా మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా యాభై వేల వరకు జరిమానా లేదా రెండూ. ఎస్సై స్థాయికి తగ్గని అధికారి సోదా చేసి స్వాధీనం చేసుకోవచ్చు. ఇక్కడ వయసుతో నిమిత్తం లేదు. నలభై ఏళ్లవాడికి అమ్మినా నేరమే. విదేశం నుంచి సామానులో తెచ్చినది కూడా దిగుమతే, విమానాశ్రయంలో కస్టమ్స్ వారు తీసేసుకుంటారు.

2023లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఉల్లంఘనలపై ఎవరైనా ఫిర్యాదు చేసేందుకు ఒక వెబ్ పోర్టల్ తెరిచింది. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ సామాజిక మాధ్యమ ఖాతా పేరు, తెర చిత్రం (స్క్రీన్‌షాట్), డబ్బు పంపిన యూపీఐ ఐడీ, కొరియరు ట్రాకింగ్ సంఖ్య – ఈ నాలుగూ ఉంటే దర్యాప్తు ముందుకు సాగుతుంది. "మా ఊళ్లో వేప్‌లు అమ్ముతున్నారు" అని ఒక్క వాక్యం రాస్తే ఏ అధికారీ ఏమీ చేయలేడు. రాష్ట్రంలో మత్తు పదార్థాల నిరోధానికి ఏర్పాటైన ఈగల్ విభాగం సహాయ సంఖ్య 1972. గంజాయి కోసం పెట్టినదైనా, వేప్ గొట్టంలో వేరే మత్తు పదార్థం నింపి అమ్ముతున్నారని అనుమానం వస్తే వెంటనే ఆ సంఖ్యకే చెప్పండి.

ఉద్యోగంలో ఉండగా నేను గమనించిన విషయం కూడా చెప్పాలి. పిల్లవాణ్ణి స్టేషనుకు పిలిపించి బెదిరిస్తే వాడు అమ్మినవాడి పేరు చెప్పడు. తల్లిదండ్రుల సమక్షంలో, వాడి మీద కేసు ఉండదని ముందే హామీ ఇచ్చి అడిగితే చెబుతాడు. ఈ చట్టం గురి పెట్టింది సరఫరా మీద. పీల్చిన పిల్లవాడి మీద కాదు.

ఊపిరి (రాజమహేంద్రవరం, వైద్యురాలు)

మాష్టారి మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమైనదో వైద్యపరంగా చెప్పాలనిపించింది. పదమూడు నుంచి పదిహేనేళ్ల బడి పిల్లల మీద 2019లో జరిగిన ప్రపంచ యువజన పొగాకు సర్వే నాలుగో విడత ప్రకారం, మన దేశంలో ఆ వయసువారిలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు; బాలురలో 9.6 శాతం, బాలికలలో 7.4 శాతం. నన్ను నిలవనీయని అంకెలు మరొకచోట ఉన్నాయి. ఎప్పుడైనా సిగరెట్టు తాగిన పిల్లల్లో 38 శాతం మంది, బీడీ తాగినవారిలో 47 శాతం మంది, నమిలే పొగాకు వాడినవారిలో 52 శాతం మంది పదో పుట్టినరోజు లోపలే మొదలుపెట్టారు.

పదేళ్లలోపు బిడ్డకు సొంత డబ్బు ఉండదు, వాట్సాప్ ఖాతా ఉండదు, ఊరి బయట స్నేహబృందం ఉండదు. ఆ వయసులో పొగాకు చేతికి వచ్చేది ఇంటి అరుగు మీది నుంచీ, ఇంటివారు పంపిన కొట్టు నుంచీ మాత్రమే. తెచ్చిన సిగరెట్టు తండ్రికి ఇచ్చేలోగా ఒకసారి పెదవుల మధ్య పెట్టి చూడడం, ఆర్పేసిన పీకను ఏరుకోవడం, తాతగారి చుట్ట అంటించి ఇవ్వడం – మొదలు ఇక్కడే. కాబట్టి మాష్టారు చూస్తున్న ఆ చిన్నపిల్లలు సమస్యలో అప్రధానమైన భాగం కారు, అసలు భాగమే వారు.

నికోటిన్ పట్టు గురించి రెండు మాటలు. మెదడులో నిర్ణయాలను, నిగ్రహాన్ని నడిపే భాగం ఇరవై అయిదేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ ఎదుగుదల మధ్యలో నికోటిన్ వస్తే అలవాటు పెద్దవారిలో కంటే త్వరగా బిగుసుకుంటుంది, వదిలించుకోవడం అంత కష్టమవుతుంది. వేప్‌లో వచ్చేది నీటి ఆవిరి కాదు. నికోటిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన రసాయనాలు, వేడెక్కిన తీగ నుంచి వచ్చే లోహపు సూక్ష్మకణాలు కలిసిన తుంపర. చాలా రకాల్లో నికోటిన్ లవణ రూపంలో ఉండడం వల్ల గొంతు మండదు, దగ్గు రాదు. అందుకే పిల్లవాడు ఎంత పీల్చాడో వాడికే తెలియదు.

ఇక పాన్‌మసాలా. గుట్కాను మన రాష్ట్రంలో 2013 నుంచి ఆహార భద్రత చట్టం కింద నిషేధిస్తూ వస్తున్నారు. వ్యాపారులు వక్కపొడి పొట్లం ఒకటి, పొగాకు పొట్లం మరొకటి విడివిడిగా అమ్మి, కొన్నవాడే కలుపుకునేలా చేశారు. పొగాకు లేని పొట్లం పిల్లవాడు తింటే ఫరవాలేదన్న భ్రమ ఇళ్లలో ఉంది. వక్క ఒక్కటే చాలు, క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. దాని వల్ల నోటి లోపలి పొర గట్టిపడి దవడ తెరుచుకోకుండా పోతుంది. ఇంట్లోనే చూడండి: బిడ్డను నోరు తెరవమని, వాడి సొంత వేళ్లు మూడు ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోయినా, పచ్చడి మెతుకు తింటే బుగ్గ లోపల మంట అంటున్నా దంతవైద్యుడికి చూపించండి. దవడ రెండు వేళ్లకు మూసుకుపోయిన కుర్రవాళ్లు మా దగ్గరకు వస్తున్నారు. అంత బిగుసుకున్నాక అది మునుపటిలా తెరుచుకోవడం దుర్లభం.

మానాలనుకునేవారికి ఉచిత జాతీయ సహాయ సంఖ్య 1800-11-2356. దక్షిణాది భాషలవారికి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కేంద్రం నుంచి సలహాదారులు మాట్లాడతారు. మైనరుకు నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో కొని ఇవ్వడం వంటి సొంత వైద్యం మాత్రం చేయవద్దు.

లంక రైతు (సీతానగరం వైపు)

నేను పొగాకు పండించే ఇంటివాణ్ణి. ఇటువంటి చర్చల్లో మమ్మల్ని దోషులుగా నిలబెడతారేమో అని మొదట రాయడానికి వెనుకాడాను. గోదావరి లంకల్లో వరద తీశాక పేరుకున్న ఒండ్రులో చుట్టల పొగాకు వేయడం మా తాతల నాటి నుంచి ఉంది. మెట్టకు వెళితే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురంలో వర్జీనియా వేలం కేంద్రాలు ఉన్నాయి. పొగాకు పరిశోధన సంస్థ 1947లో వెలసింది కూడా రాజమండ్రిలోనే. ఈ పంట మీద వేల కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి.

కానీ పిల్లలకు అమ్మరాదన్న చట్టం వల్ల మా రైతుకు ఏ నష్టమూ లేదు. పన్నెండేళ్ల పిల్లవాడు కొనే విడి సిగరెట్టు మీద మా బతుకు నిలబడి ఉంటే ఆ బతుకు మాకు వద్దు. మరొక సంగతి డాక్టరమ్మగారికి తెలిసే ఉంటుంది. మంచులో తడిసిన ఆకు విరిచిన రోజున కొత్త కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం మేము ఎరుగుదుము. నికోటిన్ చర్మం గుండా ఎక్కుతుందని పరిశోధన సంస్థవారు చెప్పారు. ఆకు తాకితేనే అలా ఉంటే పసివాడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఎలా ఉంటుందో మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు. విరుపు పనికి బడి పిల్లలను దింపకూడదన్నది కూడా ఈ ప్రయత్నాల్లో భాగం కావాలి.

గోదావరి కుర్రాడు (పాలకొల్లు, ప్రస్తుతం హైదరాబాదు)

అసలు విడి సిగరెట్టు అమ్మకాన్నే ఆపితే సగం సమస్య పోతుంది కదా! పెట్టె మొత్తం కొనే డబ్బు బడి పిల్లవాడి దగ్గర ఉండదు. కర్ణాటకలో అలాగే చేశారని చదివాను.

సంతబజారు కిరాణా (రావులపాలెం)

బాబూ, మా కొట్టుకు వచ్చే కూలివాళ్లలో పెట్టె కొనేవాడు నూటికి ఒకడు. విడి అమ్మకం ఆపితే వాళ్లు బీడీకి మారతారు, మానరు. పిల్లల పేరు చెప్పి చిన్న కొట్టు మూయించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

వశిష్ఠ తీరం (నరసాపురం, న్యాయవాది)

కర్ణాటక సవరణ 2025లో రాష్ట్రపతి ఆమోదం పొందింది. కొనే వయసును ఇరవై ఒకటికి పెంచారు, విడి అమ్మకం నిషేధించారు, జరిమానా వెయ్యి రూపాయల వరకు పెంచారు. కేంద్రం కూడా 2020లో ఇంచుమించు ఇవే అంశాలతో ముసాయిదా సిద్ధం చేసి అభిప్రాయాలు కోరింది గానీ అది చట్టం కాలేదు. మన రాష్ట్రం అటువంటి సవరణ తేవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కిరాణావారి బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఇక్కడ వారితో ఏకీభవించలేను. ప్రభుత్వం పన్ను పెంచిన ప్రతిసారీ పెట్టె ధర మీద కనిపించే బరువు విడి సిగరెట్టు దగ్గరకు వచ్చేసరికి ఒకటి రెండు రూపాయలుగా కరిగిపోతుంది. 2016 నుంచి పెట్టెకు 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలి. ఇప్పుడు దాని మీద మానేందుకు సహాయ సంఖ్య కూడా ముద్రిస్తున్నారు. విడిగా కొన్న పిల్లవాడు ఆ బొమ్మనూ ఆ సంఖ్యనూ ఎన్నడూ చూడడు. బీడీకి మారతారన్న వాదన పెద్దవారి విషయంలో నిజం కావచ్చు. బీడీని కూడా కట్టల రూపంలోనే అమ్మాలంటే ఆ వాదనకూ జవాబు దొరుకుతుంది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో రాష్ట్రాలకు రాసిన మరొక సలహా ఉంది, దానిని పట్టించుకున్నవారు తక్కువ. పొగాకు అమ్మేవారికి పురపాలక సంస్థలు ప్రత్యేక అనుమతి ఇవ్వాలనీ, అటువంటి కొట్లలో బిస్కట్లు, చాక్లెట్లు, చిప్స్, పానీయాలు అమ్మనివ్వరాదనీ దాని సారాంశం. మాష్టారి బడి ఎదుట జీళ్ల సీసా పక్కన సిగరెట్టు అర ఉన్నదన్న సమస్యకు సూటి అయిన పరిష్కారం అదే.

సచివాలయం చెల్లి (మహిళా పోలీసు, పి.గన్నవరం వైపు)

పెద్దలందరికీ నమస్కారం. మా ఊళ్లో చేసిన పని చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. ముందుగా బడి ప్రహరీ నుంచి టేపుతో నాలుగు వైపులా కొలిచి, రోడ్డు మీద పసుపు గీత గీయించాము. ఈ గీత విద్యాసంస్థల కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. గీత కనిపిస్తే కొలత మీద వాదన ఉండదు. లోపల ఉన్న కొట్లవారిని ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడాము. కిరాణా అన్నగారు రాసిన మాటే వాళ్లూ చెప్పారు: అందరికీ ఒకటే నియమం అయితే మాకు సమ్మతమే అని.

మాకు బాగా ఉపయోగపడింది పంచాయతీ ఆశీలు పాట. సంతలోనూ తీర్థాల్లోనూ దుకాణాల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది కదా, ఆ పాట షరతుల్లో పిల్లలకు పొగాకు అమ్మరాదనీ, అమ్మినవారిని తరువాతి తీర్థంలో కూర్చోనివ్వరనీ ఒక షరతు చేర్చాము. 200 రూపాయల జరిమానాకు జంకనివారు చోటు పోతుందంటే జంకారు. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర, కనుమ నాడు ప్రభల తీర్థంలో, ఆ తరువాత అంతర్వేది తీర్థంలో వెలిసే తాత్కాలిక దుకాణాలే డెల్టాలో పిల్లలకు మొదటి సిగరెట్టు దొరికే చోట్లు అని నా నమ్మకం. పండగ కాబట్టి చేతిలో డబ్బు ఉంటుంది, బంధువుల పిల్లలంతా కలుస్తారు, పెద్దలు పట్టించుకోరు. బడి ముందు ఏడాదంతా కాపలా కాసి ఆ మూడు నాలుగు రోజులు వదిలేస్తే చేసిన పని సగమే అవుతుంది.

కాలువ గట్టు మీద ఉన్న బడ్డీలు నీటిపారుదల శాఖ స్థలంలో ఉంటాయి. అక్కడ పంచాయతీ షరతు చెల్లదు కాబట్టి ఆ శాఖవారికి విడిగా రాయాలి.

ఉప్పుటేరు అమ్మ (భీమవరం)

యానాం మన మధ్యనే ఉన్నా పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడికి వెళ్లి కొంటే ఈ చట్టాలు వర్తిస్తాయా?

లాకుల పేట (విశ్రాంత పోలీసు అధికారి, తణుకు)

వర్తిస్తాయమ్మా. కోట్పా, ఈ-సిగరెట్ల నిషేధం, బాలల న్యాయ చట్టం మూడూ పార్లమెంటు చేసినవే. ఫిర్యాదు మాత్రం యానాం పోలీసులకు ఇవ్వాలి.

కాలువగట్టు మాష్టారు (అమలాపురం ప్రాంతం)

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ముందు పెట్టుకుని వచ్చే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి ఒక ప్రతిపాదన తయారుచేశాను. ఆ రెండు కొట్లు కాలువ గట్టు మీదనే ఉన్నాయి కనుక నీటిపారుదల శాఖకు ఒక లేఖ, పసుపు గీత కోసం సచివాలయానికి ఒక లేఖ వెళతాయి. సమావేశానికి ఆ కొట్లవారిద్దరినీ కూడా పిలుస్తున్నాను. వారి పిల్లలు కూడా మా బడిలోనే చదువుతున్నారు. తల్లిదండ్రులకు ఇచ్చే పత్రంలో ఎవరినీ నిందించకుండా, "మా బిడ్డను సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ, పాన్‌మసాలా కొనుక్కురమ్మని పంపము, అంటించి ఇమ్మని అడగము" అన్న ఒక్క వాక్యం రాసి సంతకం అడుగుతాము. చదువురాని తల్లిదండ్రులకు పిల్లలే ఆ వాక్యం చదివి వినిపిస్తారు. డాక్టరుగారు చెప్పిన మూడు వేళ్ల పరీక్షను ఆరు నుంచి పది వరకు అన్ని తరగతుల్లో చేయించి, అనుమానం ఉన్నవారిని పేరు బయటపడకుండా ప్రాంతీయ ఆసుపత్రి దంతవైద్యుడికి పంపాలనుకుంటున్నాము. వశిష్ఠ తీరం గారూ, లేఖల్లో ఏ సెక్షను పేర్కొనమంటారు?

వశిష్ఠ తీరం (నరసాపురం, న్యాయవాది)

కోట్పా ఆరవ సెక్షనులో పిల్లలకు అమ్మకం గురించిన (ఎ), వంద గజాల దూరం గురించిన (బి) రెండూ విడివిడిగా రాయండి మాష్టారూ. దూరం ఒక్కటే రాస్తే కొట్టు పది గజాలు వెనక్కి జరిపి, పిల్లలకు అమ్మకం యథాప్రకారం సాగిస్తారు. కొలత తీసుకున్న తేదీ, కొలిచినవారి సంతకాలు, ప్రహరీ నుంచి కొట్టు వరకు తిన్నగా వచ్చిన దూరం మీటర్లలో లేఖకు జతచేయండి. బాలల న్యాయ చట్టం 77వ సెక్షనును చివర ఒక వాక్యంలో ప్రస్తావిస్తే చాలు. ముసాయిదా ఇక్కడే పెడితే చూసి పంపుతాను.